ముందు గోడ, తర్వాతే మెషీన్

గృహప్రవేశం అయిపోయింది. పాలు పొంగించిన గిన్నె కడిగి బోర్లించారు, చుట్టాలు వెళ్లిపోయారు. వెంకటేశ్వరస్వామి పటం, పెళ్లి ఫొటో, గడియారం మాత్రం హాల్లో గోడకు ఆనించి నేలమీదే ఉన్నాయి. ఇంటాయన స్టూలెక్కి, మేకు పెట్టి సుత్తితో నాలుగు దెబ్బలు వేస్తాడు. మేకు వంగిపోతుంది, గోడ నుంచి రూపాయి బిళ్లంత పెచ్చు ఊడుతుంది. ఇంకో మేకు తీస్తాడు, అదీ అంతే. అద్దె ఇల్లయితే ఓనరు మేకులు కొట్టొద్దన్నాడని ఊరుకునేవాడు. ఇప్పుడు ఓనరు తనే. ఇరవై ఏళ్లు కట్టాల్సిన బ్యాంకు అప్పుతో కొన్న గోడకు పెచ్చు ఊడితే ఆ దెబ్బ తన గుండెకే తగిలినట్టుంటుంది.

ఆ సాయంత్రమే ఫోన్లో డ్రిల్లింగ్ మెషీన్ కోసం వెతుకులాట మొదలవుతుంది. వెతికేకొద్దీ బెదురు పెరుగుతుంది. 450 వాట్లు, 600 వాట్లు, 850 వాట్లు, 10 మి.మీ. చక్, 13 మి.మీ. చక్, ఇంపాక్ట్, రోటరీ హామర్, వైరుది, బ్యాటరీది, వంద ముక్కల కిట్టు, పండగ తగ్గింపు. కొత్తగా ఇల్లు కొన్నవారి భయాలు నిజానికి రెండే. వేలు పోసి కొన్నది అటకెక్కి కూర్చుంటుందేమోనన్నది ఒకటి. చెయ్యి తెగుతుందేమో, కరెంటు కొడుతుందేమోనన్నది రెండోది. రెండూ న్యాయమైన భయాలే. వాటిని పిరికితనమని కొట్టిపారేసే వాళ్ల మాట వినక్కర్లేదు. అయితే ఈ భయాలకు జవాబు మెషీన్ డబ్బా మీద దొరకదు. చాలావరకు అది గోడలోనే ఉంది.

ఈ పాతికేళ్లలో మన ఇళ్ల గోడలు బాగా మారిపోయాయి. పాత ఇళ్లకు ఎర్ర ఇటుక, దాని మీద సిమెంటు ప్లాస్టరింగు. బయటివైపు తొమ్మిదంగుళాల గోడ, గదుల మధ్య నాలుగున్నర అంగుళాలది. రామగుండం, కొత్తగూడెం, విజయవాడ, సింహాద్రి థర్మల్ కేంద్రాల బూడిద అందుబాటులో ఉండటంతో ఫ్లైయాష్ ఇటుక వాడకం పెరిగింది. తర్వాత అపార్టుమెంట్లలోకి ఏఏసీ బ్లాకులు వచ్చాయి. స్వీడన్‌లో యోహాన్ ఆక్సెల్ ఎరిక్సన్ 1920ల్లో రూపొందించిన ఈ బ్లాకు నిండా సన్నని గాలి బుడగలే. ఘనపు మీటరుకు 600 కిలోలకు కాస్త అటూ ఇటూ తూగుతుంది, నీళ్లలో వేస్తే తేలుతుంది. ఎర్ర ఇటుక బరువు దానికి దాదాపు మూడింతలు. ఇక హైదరాబాద్ పడమటి వైపు లేచిన ఎత్తయిన టవర్లలో చాలావాటికి ఇటుకే ఉండదు. అల్యూమినియం షట్టరింగు బిగించి గోడలూ స్లాబూ కలిపి కాంక్రీటుతో పోసేస్తారు. మేస్త్రీలు దాన్ని 'మైవాన్' అంటారు.

అందుకే పక్కింటివాళ్ల సలహా కూడా ఒక్కోసారి పనికిరాదు. వనస్థలిపురంలో ఇటుక గోడల ఇంట్లో పదేళ్లుగా చక్కగా పనిచేస్తున్న రెండున్నర వేల రూపాయల డ్రిల్లు, నార్సింగిలో కాంక్రీటు గోడ దగ్గర చేతులెత్తేస్తుంది. అర అంగుళం లోపలికి వెళ్లి అక్కడే తిరుగుతుంది, బిట్ మొన ఎర్రబడుతుంది, పట్టుకున్నవాళ్ల భుజం పడిపోతుంది. 'చవకది కొన్నాను, అందుకే ఇలా' అని వాళ్లు నొచ్చుకుంటారు. చవకదనం కాదు కారణం, ఆ జాతి మెషీన్ ఆ గోడకు పుట్టింది కాదు.

తన గోడ ఏదో తెలుసుకోవడం కష్టమేమీ కాదు. ఫ్లాట్ కొన్నప్పుడు బిల్డరు ఇచ్చిన స్పెసిఫికేషన్ కాగితంలో రాసి ఉంటుంది. అది దొరక్కపోతే ఏసీ బిగించడానికో టీవీ తగిలించడానికో వచ్చిన కుర్రాడు రంధ్రం వేస్తున్నప్పుడు కింద రాలే పొడిని చూడాలి. ఎర్రగా రాలితే మట్టి ఇటుక. బూడిదరంగులో, గట్టిగా, కాస్త కాస్తగా రాలితే కాంక్రీటు. తెల్లటి పిండిలా జలజలా రాలి, బిట్ వెన్నలోకి దిగినట్టు దిగితే ఏఏసీ. మొదటి రాలుడు ఎప్పుడూ ప్లాస్టరుదే కాబట్టి అంగుళం లోపలికి వెళ్లాక వచ్చే రంగునే నమ్మాలి. ఇటుక గోడల ఇంట్లోనూ స్తంభాలు, దూలాలు, తలుపులపై లింటెళ్లు కాంక్రీటువే. కిటికీ పైన కర్టెన్ రాడ్డు బిగించబోతే డ్రిల్లు మొరాయించడానికి చాలాసార్లు కారణం ఆ లింటెలే.

గోడ తెలిశాక ఇంపాక్ట్ డ్రిల్లుకూ రోటరీ హామర్‌కూ తేడా తేలిగ్గా అర్థమవుతుంది. దుకాణాల్లో రెండింటినీ 'హామర్' అనేయడంతోనే చిక్కంతా వచ్చింది. ఇంపాక్ట్ డ్రిల్లులో పళ్లున్న రెండు బిళ్లలు ఒకదాని మీద ఒకటి జారుతూ టకటకమంటాయి. నిమిషానికి 40 వేల దాకా దెబ్బలు పడతాయి, కానీ ఒక్కో దెబ్బ గిచ్చినంతే. చేత్తో నొక్కితేనే ఆ గిచ్చుడు గోడకు చేరుతుంది. రోటరీ హామర్ లోపల పిస్టన్ ఉంటుంది. అది గాలిని అదిమి, ఆ గాలితో ఒక దిమ్మను విసిరి బిట్ వెనక కొడుతుంది. దెబ్బలు నిమిషానికి నాలుగైదు వేలే, కానీ చిన్న మెషీన్‌లో కూడా ఒక్కో దెబ్బ బలం 2 జౌళ్ల దాకా ఉంటుంది. అంటే 200 గ్రాముల రాయి మీటరు ఎత్తు నుంచి పడినంత దెబ్బ, సెకనుకు డెబ్భై ఎనభై సార్లు. బిట్‌ను ఆనించి పట్టుకుంటే చాలు, ఒళ్లంతా బరువేసి నొక్కాల్సిన పని లేదు. బిట్ కూడా మామూలు చక్‌లో కూర్చోదు. వెనక గాళ్లున్న ఎస్‌డీఎస్ బిట్ కావాలి. 1975లో బాష్ కంపెనీ తెచ్చిన ఈ అమరికే ఇవాళ ప్రపంచమంతటా నడుస్తోంది. మెషీన్‌ను ఎత్తి చూసి, ముందు భాగంలో చక్ కీ అక్కర్లేకుండా బిట్ టక్కున కూర్చుంటే అది రోటరీ హామరే.

కాబట్టి ఇటుక గోడల ఇంటికి 500, 600 వాట్ల ఇంపాక్ట్ డ్రిల్లు చాలు. మైవాన్ ఫ్లాట్‌కు చిన్నదైనా సరే రోటరీ హామర్ కావాలి, ధర రెట్టింపైనా అదే చవక. ఏఏసీ గోడకు అసలు హామర్ ఆపేసి ఉత్త డ్రిల్లుతోనే వెయ్యాలి. దెబ్బ కొట్టారో, రంధ్రం గుంత అయి మేకు నిలవదు. వాట్లు అనేవి మోటారు ఎంత కరెంటు తాగుతుందో చెప్పే లెక్క. గోడ మీద ఎంత పని చేస్తుందో చెప్పే లెక్క కాదు. 850 వాట్ల ఇంపాక్ట్ డ్రిల్లు కాంక్రీటులో చెయ్యలేని పనిని 600 వాట్ల రోటరీ చేసేస్తుంది. ఈ ఒక్క విషయం కౌంటర్ దగ్గర చెప్పే దుకాణదారు దొరికితే అతన్ని వదులుకోకూడదు.

ఈ యంత్రం ఫ్యాక్టరీ గేటు దాటి ఇంట్లోకి రావడానికి అరవై ఏళ్లు పట్టింది. 1889లో ఆస్ట్రేలియాలోని మెల్‌బోర్న్‌లో ఆర్థర్ జేమ్స్ ఆర్నాట్, విలియం బ్లాంచ్ బ్రెయిన్ కరెంటు డ్రిల్లుకు పేటెంటు తీసుకున్నారు. 1895లో జర్మనీ స్టుట్‌గార్ట్‌లో ఫైన్ కంపెనీ దాన్ని చేత్తో పట్టుకునేలా చేసింది. తుపాకీలాంటి పిడి, వేలితో నొక్కే ట్రిగ్గర్ ఉన్న డ్రిల్లుకు అమెరికాలో డంకన్ బ్లాక్, అలోంజో డెకర్‌లు 1917లో పేటెంటు పొందారు. ఇవాళ మన చేతిలో ఉన్న ఆకారం అదే. ప్రత్యేకించి ఇళ్లవాళ్ల కోసమంటూ వాళ్ల కంపెనీ మెషీన్లు అమ్మడం మొదలుపెట్టింది రెండో ప్రపంచ యుద్ధం ముగిశాక, 1946లో. అప్పటిదాకా మన వడ్రంగి చేతిలో ఉన్నట్టే అక్కడి ఇంటి యజమాని చేతిలోనూ బరమానే.

వంద ముక్కల కిట్టు గురించి గట్టిగానే చెప్పాలి: కొత్తవాళ్లు దానికి దూరంగా ఉండటం మేలు. అందులో టేపు, సుత్తి, స్పానర్లు, గుప్పెడు మేకులు, డజను బిట్లు, అన్నీ ఉంటాయి. మెషీన్ మంచిదైనా బిట్లు చాలావాటిలో నాసిరకం. గోడలో పని చేసేది చివరికి ఆ బిట్ మొననున్న కార్బైడ్ ముక్కే. అది అరిగితే ఏ మెషీన్ అయినా మొద్దే. మెషీన్ ఒక్కటీ తీసుకుని, మిగిలిన డబ్బుతో మంచి కంపెనీ గోడ బిట్లు మూడు కొనుక్కోవాలి. ఫొటోలకు, గడియారాలకు 6 మి.మీ., టీవీ స్టాండుకూ అరలకూ 8 మి.మీ., బరువైన వాటికి 10 మి.మీ. ఇనుముకూ చెక్కకూ విడిగా హెచ్‌ఎస్ఎస్ బిట్లు. బాత్రూమ్ టైల్స్‌కు ఈటె మొన ఆకారంలో ఉండే బిట్. టైల్ మీద మాస్కింగ్ టేపు అంటించి, హామర్ ఆపి, నెమ్మదిగా తిప్పాలి. టైల్ దాటాకే గోడ బిట్ పెట్టి హామర్ వాడాలి. గుజరాత్‌లోని మోర్బీ నుంచి వచ్చే విట్రిఫైడ్ టైల్స్ గాజుకు అన్నదమ్ముల్లాంటివి. తొందరపడితే మూల నుంచి మూలకు చీలుతాయి.

రంధ్రం వేస్తే సగం పనే అయినట్టు. మిగతా సగం గిట్టీది. స్క్రూ గోడను పట్టుకోదు. స్క్రూ తిరుగుతుంటే గిట్టీ ఉబ్బి, రంధ్రం అంచుల్ని ఒరుసుకుని పట్టుకుంటుంది. మన పాత ఎలక్ట్రీషియన్లు చెక్క ముక్క చెక్కి కొట్టేవాళ్లు. లండన్‌లో జాన్ రాలింగ్స్ 1911 ప్రాంతంలో, బ్రిటిష్ మ్యూజియం గోడలు చెడకుండా కరెంటు సామాను బిగించే పని మీద పడినప్పుడు, జనపనారను జంతువుల రక్తంతో గట్టిపరచి గిట్టీ తయారుచేశాడు. రావల్ ప్లగ్ అన్న పేరు ఆయనదే. ఇప్పుడు వాడే నైలాన్ గిట్టీ జర్మనీవాడైన ఆర్టూర్ ఫిషర్ 1958లో తెచ్చింది. ఐదు రూపాయల విలువ కూడా చెయ్యని ఈ ముక్క మీద జనం చూపు నిలవదు. గోడ నుంచి అల్మారా ఊడిపడితే నింద మెషీన్ మీదకు పోతుంది. నిజానికి 8 మి.మీ. రంధ్రంలో 6 మి.మీ. గిట్టీ దోపిన తప్పు అది, లేదా ఏఏసీ గోడకు ఇటుక గోడ గిట్టీ వాడిన తప్పు. ఏఏసీకి పొడవాటి, మెలికల గిట్టీలు వేరే ఉంటాయి. 25 లీటర్ల గీజరు నిండితే నీళ్ల బరువే 25 కిలోలు. దాని సొంత బరువు అదనం. అది గిట్టీల పని కాదు, యాంకర్ ఫాస్ట్‌నర్ల పని. కొత్తవాళ్లు గీజరునూ సీలింగు ఫ్యానునూ మొదటి ఏడాది ముట్టుకోకపోవడమే తెలివి.

2018 ఆగస్టులో హైదరాబాద్ హైటెక్ సిటీ దగ్గర ఐకియా తన మొదటి భారతీయ దుకాణం తెరిచాక, ముక్కలుగా తెచ్చుకుని ఇంట్లో బిగించుకునే ఫర్నిచర్ తెలుగువాళ్లకు బాగా అలవాటైంది. ఆ అల్మారాలు పిల్లల మీద ఒరగకుండా గోడకు బిగించమని పట్టీ ఇస్తారు. గోడలోకి వెళ్లే స్క్రూ, గిట్టీ మాత్రం డబ్బాలో ఉండవు. గోడ ఎలాంటిదో వాళ్లకు తెలియదు కాబట్టి దానికి తగ్గవి కొనుక్కోమంటారు. ప్రపంచమంతా అమ్మే కంపెనీ కూడా ఆ నిర్ణయాన్ని గోడకే వదిలేసింది.

ఇలాంటి బిగింపులకు బ్యాటరీ డ్రిల్లు సుఖం. చేతికి తేలిక, వైరు గొడవ లేదు, కరెంటు కొట్టే భయమూ తక్కువ. బ్లాక్ అండ్ డెకర్ మొదటి బ్యాటరీ డ్రిల్లును 1961లో తెచ్చింది. 1971లో అపోలో 15 యాత్రలో డేవిడ్ స్కాట్ చంద్రుడి నేలను తొలిచింది కూడా బ్యాటరీ డ్రిల్లుతోనే. అయినా ఇళ్లలో అది గట్టిగా నిలదొక్కుకుంది 2003 తర్వాత, లిథియం అయాన్ బ్యాటరీలు వచ్చాకే. కొనేవాళ్లను తికమక పెట్టేది వోల్టుల లెక్క. లిథియం సెల్ ఒక్కోటి 3.6 వోల్టులు. ఐదు పేరిస్తే 18. అదే ఐదు నిండా చార్జ్ అయిన క్షణంలో 20 దాటి చూపిస్తాయి. కాబట్టి ఒక డబ్బా మీద 18 అనీ ఇంకోదాని మీద '20 మ్యాక్స్' అనీ, మరోదాని మీద 21 అనీ ఉన్నా లోపలున్నవి అవే ఐదు సెల్స్. మూడు సెల్స్ ఉన్నదాన్ని 10.8 అనీ 12 అనీ అమ్ముతారు. వోల్టులతోపాటు ఆంపియర్ అవర్లు చూడాలి. రెండూ గుణిస్తే బ్యాటరీలో ఉన్న అసలు సరుకు తేలుతుంది: 18 వోల్టులు, 2 ఆంపియర్ అవర్లు అంటే 36 వాట్ అవర్లు. ఇరవై, పాతిక స్క్రూలు బిగించే ఇంటికి 12 వోల్టుల చిన్నదే చాలు.

బ్యాటరీ మెషీన్ కొంటున్నామంటే నిజానికి ఒక బ్యాటరీ కుటుంబంలో చేరుతున్నట్టు లెక్క. బాష్ బ్యాటరీ మకీటాకు పట్టదు, మకీటాది డెవాల్ట్‌కు పట్టదు. నాలుగేళ్ల తర్వాత బ్యాటరీ నీరసించినప్పుడు అదే రకం దొరకాలి, దొరికే ధర అందుబాటులో ఉండాలి. కొత్తవాళ్లు మెషీన్ ధర అడుగుతారు. అంతకంటే ముందు విడిగా బ్యాటరీ ధర ఎంతో అడగాలి. కొన్నిచోట్ల అది మెషీన్ ధరలో సగం పైనే ఉంటుంది. పేరు తెలియని కంపెనీ అయితే ఆ బ్యాటరీ మళ్లీ దొరుకుతుందన్న భరోసా ఉండదు. రెండేళ్లు వాడక బీరువాలో పడి ఉన్నా బ్యాటరీకి వయసు పెరుగుతూనే ఉంటుంది. వైరు డ్రిల్లుకు ఆ బెంగ లేదు. ఏడాదికి రెండుసార్లు మాత్రమే తీసే ఇంట్లో వైరుదే మేలన్నది ఈ సమీక్ష తేల్చే మాట.

డాలస్ చుట్టుపక్కల ఇల్లు కొన్న తెలుగు కుటుంబానికి కథ వేరు. అక్కడి గోడ లోపల కర్ర నిలువులు, పైన అర అంగుళం మందాన జిప్సం బోర్డు. నిలువులు సాధారణంగా 16 అంగుళాలకొకటి. రోటరీ హామర్‌తో అక్కడ పనే లేదు. బ్యాటరీ డ్రిల్లు, నిలువు ఎక్కడుందో పట్టిచ్చే స్టడ్ ఫైండరు ఉంటే ఇల్లంతా సర్దేయొచ్చు. కూలి ఖరీదు ఎక్కువ కాబట్టి మెషీన్ డబ్బు రెండు పనుల్లో తిరిగొస్తుంది. అందుకే సెలవులకు వచ్చే అన్నయ్యో మేనల్లుడో ప్రేమగా అక్కడి మెషీన్ తెచ్చిపెడతారు. వైరుదైతే అది 120 వోల్టులకు చేసింది. మన 230 వోల్టుల ప్లగ్గులో పెడితే కాలిపోతుంది. బ్యాటరీదైతే చార్జరుకు అదే గతి పట్టొచ్చు, చార్జరు వెనక రాసి ఉన్న వోల్టులు చూడకుండా పెట్టకూడదు. విడి బ్యాటరీని విమానంలో చెకిన్ సామానులో వెయ్యనివ్వరు, చేతి సంచిలోనే తేవాలి, అదీ 100 వాట్ అవర్ల లోపుదైతేనే మామూలుగా ఒప్పుకుంటారు.

ఇప్పటిదాకా చెప్పింది డబ్బు భయం. ఒంటి భయం అంతా ఒక మెషీన్ చుట్టూ తిరుగుతుంది: గ్రైండరు. మేస్త్రీలు 'ఏజీ ఫోర్' అని పిలిచే నాలుగంగుళాల మెషీన్. 1954లో జర్మనీలో ఫ్లెక్స్ కంపెనీ తెచ్చింది. ఇప్పటికీ జర్మన్లు గ్రైండరును ఫ్లెక్స్ అనే అంటారు. డ్రిల్లు పక్కనే రెండు వేలకే కనిపిస్తుంది, కిట్టులో కలిపి ఇస్తామంటారు. దాని బిళ్ల నిమిషానికి 11 వేల చుట్లు తిరుగుతుంది. 100 మి.మీ. బిళ్ల అంచు ఆ వేగంలో గంటకు 200 కిలోమీటర్లు దాటి పరుగెత్తుతుంది. అది పట్టేస్తే మనిషి చెయ్యి తీసేలోపే మెషీన్ వెనక్కి ఎగిరొస్తుంది. డ్రిల్లు తప్పు చేస్తే గోడ చెడుతుంది, మణికట్టు మెలిపడుతుంది. గ్రైండరు తప్పు చేస్తే మనిషి జీవితం మారిపోతుంది.

అలాంటిదాన్ని మన సైట్లలో గార్డు తీసేసి వాడటం మామూలైపోయింది. గార్డు ఉంటే బిళ్ల కనబడదనీ, పెద్ద బిళ్ల పట్టదనీ తీసేస్తారు. నాలుగంగుళాల మెషీన్‌కు ఐదంగుళాల బిళ్ల, అందులోనూ చెక్క కోసే పళ్ల బిళ్ల బిగించడం అన్నిటికంటే ఘోరం. గ్రైండరు వేగానికి చేయని ఆ పళ్లు చెక్కలో ఇరుక్కున్న క్షణాన మెషీన్ అదుపు తప్పుతుంది. ప్రతి బిళ్ల మీదా అది తట్టుకోగల వేగం రాసి ఉంటుంది, మెషీన్ వేగం అంతకు మించకూడదు. రెజిన్‌తో అతికిన కటింగ్ బిళ్లలకు గడువు కూడా ఉంటుంది, మధ్యలోని లోహపు రింగు మీద నెల, సంవత్సరం చెక్కి ఉంటాయి. కింద పడిన బిళ్లను, తడిసిన బిళ్లను వాడకూడదు. ఇవన్నీ తెలిసి, గార్డుతో, కళ్లద్దాలతో, రెండు చేతులతో పట్టి వాడే ఓపిక ఉన్నవారికి అది మంచి పనిముట్టే. కొత్తగా ఇల్లు కొన్న బెదురు మనిషికి మాత్రం మొదటి ఏడాది గ్రైండరు అక్కర్లేదు. గ్రిల్లు కొయ్యాలంటే వెల్డరు వస్తాడు, గ్రానైటు కొయ్యాలంటే మార్బుల్ మేస్త్రీ వస్తాడు. వాళ్లకు గార్డు పెట్టి కొయ్యమని చెప్పే హక్కు ఇంటివాళ్లకుంది.

కరెంటు సంగతికొస్తే, డ్రిల్లు పట్టే ముందు మెయిన్ బోర్డు తెరిచి చూడాలి. 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ ఉందా? ఒంటి గుండా కరెంటు పోతే క్షణంలో ఆపేది అదే. దాని మీదున్న టెస్ట్ బటన్ నొక్కితే టక్కున పడిపోవాలి. పడలేదంటే మెషీన్ కొనేముందే ఎలక్ట్రీషియన్‌ను పిలవాలి. చాలా డ్రిల్లులకు రెండు పిన్నుల ప్లగ్గే వస్తుంది. అది లోపం కాదు. చట్రంలో చట్రం గీసిన చిన్న గుర్తు మెషీన్ మీద ఉంటే లోపల రెండు పొరల ఇన్సులేషన్ ఉన్నట్టు, ఎర్త్ అవసరం లేదు. 600 వాట్ల డ్రిల్లు మన 230 వోల్టుల దగ్గర 2.6 ఆంపియర్లే లాగుతుంది, మామూలు 6 ఆంపియర్ల ప్లగ్గు చాలు. అదే 1,400 వాట్ల కట్టరు అయితే 6 దాటుతుంది, దాన్ని ఏసీ ప్లగ్గు లాంటి 16 ఆంపియర్లదానిలోనే పెట్టాలి.

గోడ లోపలి వైరు గురించి భయపడనివాళ్లుంటే వాళ్ల గురించి భయపడాలి. గోడలో పైపులు ఎలా పోతాయన్నదానికి ఒక పద్ధతుంది: స్విచ్‌బోర్డు నుంచి సాధారణంగా నిలువుగా పైకీ కిందికీ పోతాయి, ఒక్కోసారి అడ్డంగా పక్క బోర్డుకు పోతాయి. కాబట్టి బోర్డు పైన, కింద, సూటిగా పక్కన ఉన్న జాగాను వదిలెయ్యాలి. బాత్రూమ్‌లో కుళాయికీ షవరుకూ మధ్య నిలువు గీతను, వంటింట్లో సింకు వెనక గోడను కూడా అంతే. ఇల్లు ఇంకా కడుతుండగా కొన్నవాళ్లు చెయ్యదగిన పని ఒకటుంది. ప్లాస్టరింగు కాకముందు, గాడులు కొట్టి పైపులు వేసిన రోజున, ప్రతి గోడకూ టేపు ఆనించి ఫొటో తీసి పెట్టుకోవాలి. పైసా ఖర్చులేని ఆ ఫొటోలు పదేళ్ల తర్వాత కూడా ఆదుకుంటాయి. మైవాన్ గోడలో వైర్ల పైపులు కాంక్రీటు పోసేముందే అమరుస్తారు కాబట్టి అక్కడ బిల్డరు డ్రాయింగే దిక్కు.

ఒంటి మీద ఏముండాలి, ఏముండకూడదు? కళ్లకు అద్దాలు తప్పనిసరి, తల పైకెత్తి రంధ్రం వేస్తే రజను నేరుగా కళ్లలోనే పడుతుంది. కాంక్రీటు పొడిలో సిలికా ఉంటుంది. ఏళ్ల తరబడి పీలిస్తే సిలికోసిస్ వచ్చేది దాంతోనే. రెండు రంధ్రాలకు ఆ జబ్బు రాదుగానీ, కోవిడ్ నాడు కొన్న ఎన్95 మాస్కు ఇంట్లో మిగిలి ఉంటే పెట్టుకోవడానికి ఏం కష్టం? తిరిగే బిట్ దగ్గర చేతి తొడుగులు మాత్రం వద్దు, బట్ట చిక్కుకుంటే వేలినీ లాగేస్తుంది. చున్నీ, కొంగు, కండువా, వదులు జుట్టు, చేతి కంకణం, అన్నీ ఈ లెక్కలోవే. స్టూలు మీద నిలబడి ఒంటిచేత్తో కొట్టే అలవాటు ఉన్నవాళ్లను చూసి నేర్చుకోకూడదు. కాంక్రీటులో ఇనప చువ్వ తగిలితే బిట్ ఆగి, మెషీన్ చేతిలో గిర్రున తిరుగుతుంది. పక్క పిడి ఉన్నది అందుకే.

ఎక్కడ కొనాలి? సికింద్రాబాద్ రాణిగంజ్‌లో వరస దుకాణాలు ఉన్నాయి. అక్కడ మెషీన్ చేతిలోకి తీసుకుని బరువు చూడొచ్చు, ట్రిగ్గరు మెల్లగా నొక్కితే వేగం మెల్లగా పెరుగుతోందో లేదో చూడొచ్చు. ఆన్‌లైన్‌లో ధర తక్కువ ఉండొచ్చు, చేతికి తగిలే ఆ తెలివిడి ఉండదు. ఎక్కడ కొన్నా 18 శాతం జీఎస్టీతో బిల్లు తీసుకోవాలి, బిల్లు లేనిదే వారంటీ లేదు. జర్మన్ బాష్, జపాన్ మకీటా, అమెరికన్ డెవాల్ట్, 2018లో హిటాచీ కోకీ నుంచి పేరు మార్చుకున్న హైకోకీ, మహారాష్ట్ర కొల్హాపూర్ జిల్లా శిరోళ్‌లో పుట్టిన కేపీటీ, వీటి తర్వాత చైనాలో తయారై కొత్త పేర్లతో వచ్చే చవక రకాలు. ఇంటి వాడకానికి వీటిలో చాలావి సరిపోతాయి. తేడా తెలిసేది కార్బన్ బ్రష్ అరిగిన రోజున, స్విచ్ పాడైన రోజున. ఊళ్లో సర్వీస్ సెంటరు ఉన్న కంపెనీని ఎంచుకుంటే రెండు చిన్న ముక్కలు మార్చి పంపిస్తారు. లేకపోతే మెషీన్ మొత్తం పారెయ్యాలి. కరీంనగర్‌లో ఉండేవాళ్లు కరీంనగర్ లెక్క వేసుకోవాలి, హైదరాబాద్‌లో మంచి పేరుంది కదా అని కాదు.

అసలు కొనాలా అన్నది చివరి ప్రశ్న. ఇల్లు మొత్తానికి పదిహేను రంధ్రాలే కావాలనుకుంటే ఎలక్ట్రీషియన్‌ను ఒక ఆదివారం పిలిచి, పెన్సిలుతో ముందే గుర్తులు పెట్టి, అన్నీ ఒకేసారి వేయించుకోవడం అన్నిటికంటే చవక. కాంక్రీటు గోడలో ఏసీ పైపు పట్టేంత రంధ్రానికి కోర్ కట్టరు కావాలి, అది అద్దెకు తీసుకోవాల్సిన వస్తువే. అమెరికాలోని బర్క్‌లీ నగరంలో 1979 నుంచి ప్రజా గ్రంథాలయంలో పుస్తకాల్లాగే పనిముట్లనూ అరువిస్తున్నారు. రెండు వందల ఫ్లాట్లున్న మన గేటెడ్ కమ్యూనిటీలో రెండు వందల డ్రిల్లులు అటకల మీద పడి ఉండే బదులు, సంఘం తరఫున ఒక రోటరీ హామరు, ఒక బ్యాటరీ డ్రిల్లు, ఒక మంచి నిచ్చెన సెక్యూరిటీ గదిలో ఉంటే ఎంత బాగుంటుంది! సంతకం పెట్టి తీసుకెళ్లి, మధ్యాహ్నం నిద్రవేళ తప్పించి వాడుకుని, తుడిచి ఇచ్చెయ్యడమే. దసరా రోజున వాచ్‌మన్ దానికి బొట్టు పెడతాడు.

సొంతంగా కొని తెచ్చుకున్నవాళ్లు మొదటి రంధ్రం హాల్లో వెయ్యకూడదు. యుటిలిటీ బాల్కనీలోనో, బీరువా వెనక పడే చోటో వెయ్యాలి. గుర్తు పెట్టిన చోట టేపు అంటించి, గిట్టీ పొడవెంతో అంత దూరంలో బిట్‌కు కూడా టేపు చుట్టాలి, లోతు తెలియడానికి. గుర్తుకు కాస్త కింద ఒక పాత శుభలేఖ కవరు నోరు తెరిచి అంటిస్తే పొడి అందులోనే పడుతుంది. హామర్ ఆపి నెమ్మదిగా మొదలుపెట్టి, బిట్ చోటు పట్టాక హామర్ తిప్పాలి. మధ్యలో రెండుసార్లు బయటికి లాగి పొడి రాల్చాలి. రంధ్రం వంకర పోవచ్చు, వెడల్పు కావచ్చు, పక్కకు జరగొచ్చు. పెయింటరు వదిలేసి వెళ్లిన వాల్ పుట్టీ గుప్పెడు నీళ్లలో కలిపి నింపి, ఆరాక గరుకు కాగితంతో రుద్దితే పది నిమిషాల పని. అందుకే రంగు వేయించిన రోజున మిగిలిన డబ్బాను పారెయ్యకుండా, మూత మీద ఏ గది రంగో, షేడ్ నంబరెంతో మార్కరుతో రాసి, మెషీన్ పక్కనే అటక మీద పెట్టుకోవాలి.